ఆగస్టు దాటని కంప్యూటర్

పలాసలో డబ్బు కట్టి వాడాల్సిన సాఫ్ట్‌వేర్‌ని పైసా కట్టకుండా నెలల తరబడి నడిపిన మనిషిని నేనే. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసే మా ఆయనకి తట్టలేదు, రిపేరు షాపు నడిపేవాడికి తట్టలేదు, ఇంటర్ తప్పిన నాకు తట్టింది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే ముందుగా ఓ చిన్న గర్వం వస్తుంది. మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

మా నాన్నది పక్కనే కాశీబుగ్గ బజారులో పచారీ కొట్టు. గల్లాపెట్టె పక్కన కూర్చునే నేను మాటలు నేర్చాను. అమ్మ, నాన్న, గిట్టదు. ఈ వరసలో వచ్చాయట నాకు. పెళ్లయ్యాక ఊరికే కూర్చోలేక, మూతపడుతున్న ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ఓ పాత కంప్యూటరు బేరం చేసి కొని, ఇంట్లోనే పెళ్లిపత్రికలూ, కాలేజీల ప్రశ్నపత్రాలూ టైపు చేయడం మొదలుపెట్టాను. తెలుగు టైపు చేయడానికి ఓ సాఫ్ట్‌వేరు కావాలి. విశాఖపట్నంలో డీలరుకి ఫోను చేస్తే మూడు వేల అయిదు వందలన్నాడు. రెండు వేలకి ఇమ్మన్నాను.

"ఇది మీ పలాస జీడిపప్పు కాదమ్మా, ధర తగ్గడానికి" అన్నాడతను.

"జీడిపప్పయితే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకోనిస్తారండి. మీరు అదీ ఇవ్వరు."

దానికి నవ్వి, ముప్పై రోజులు ఉచితంగా పనిచేసే సీడీ ఒకటి పంపించాడు. ఆగస్టు మొదట్లో ఎక్కించాను. నెలాఖరుకి గడువు అయిపోతోందని తెర మీద పసుపు పెట్టె రావడం మొదలుపెట్టింది. ఓ రోజు పొద్దున్న కాఫీ తాగుతూ ఆ పెట్టెనే చూస్తున్నాను. ముప్పై రోజులైందని దీనికి ఎవరు చెప్పారు? కంప్యూటరులో గడియారం చెప్పింది. గడియారం ఎవరిది? నాది. కింద మూలన తేదీ మీద నొక్కి, ఆగస్టు రెండుకి తిప్పేశాను. పసుపు పెట్టె పోయింది. నెలాఖరు దగ్గరపడినప్పుడల్లా మళ్లీ అలాగే తిప్పేదాన్ని.

ఇది దొంగతనం అని నాకు అనిపించలేదు. మా కొట్లో తేదీ కూడా సరుకులాంటిదే. అమావాస్య నాడు దిగిన బస్తాలకి నాన్న మర్నాటి తేదీ వేసేవాడు. మంగళవారం అప్పిస్తే లక్ష్మి పోతుందని దాన్ని సోమవారం కింద రాసేవాడు. తేదీ అనేది మనకి మంచిదయ్యేలా మనమే వేసుకునేది, అంతే. అలా మా ఇంట్లో బయట దసరా వెళ్లినా, దీపావళి వెళ్లినా, కంప్యూటరులో మాత్రం ఆగస్టే.

ఈ ఆగస్టులోకి మా వదిన వచ్చి పడింది.

వదిన అంటే మా ఆయన అక్క. టెక్కలిలో ఓ ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు. చాలా ఏళ్లుగా ఉద్దానం సముద్రపు ఒడ్డు ఊళ్లు తిరిగి, చేపలమ్మే ఆడవాళ్లు బేరం ఎలా ఆడతారు, ఏ మాటకి ఏ మాట అంటారు అన్నదాని మీద థీసిస్ రాస్తోంది. ఆ ఏడాది యాజమాన్యం ఓ మాట చెప్పింది. ఒక్క పోస్టు పర్మనెంటు చేస్తాం, డిసెంబరు ఆఖరుకి థీసిస్ యూనివర్సిటీకి ఇచ్చినట్టు రసీదు చూపించిన వాళ్లకే ఇస్తాం అని. వదినతో పాటు ఆ పోస్టు మీద కన్నేసిన వాడు ఇంకొకడు ఉన్నాడు. అతనిది అప్పటికే టైపు అయిపోవచ్చింది.

"నువ్వు టైపు సేస్తే నేను బతుకుతాను పిల్లా" అంది వదిన. "రేటు ఎంతో సెప్పు."

ఇంటి మనిషి దగ్గర రేటేమిటి అన్నాను. అనడం అన్నాను కానీ, పేజీకి ఎంత పడుతుందో లోపల లెక్క వేయకుండా ఉండలేకపోయాను. అది నా పుట్టుక.

వదిన ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి రాసిన కాగితాలు ఇచ్చి వెళ్లేది. నేను టైపు చేసింది ఆమె టెక్కలిలో కాలేజీ కంప్యూటరు మీద చూసి దిద్దాలి. దానికి సీడీలు కొని పంపడం దండగ అని, ఇంటర్నెట్టులో ఉచితంగా చోటిచ్చే ఓ కంపెనీ దాంట్లో చేరాను. మా ఇంట్లో ఓ ఫోల్డరు, టెక్కలిలో ఓ ఫోల్డరు, పైన ఎక్కడో ఇంకో ఫోల్డరు. ఒక చోట మారిస్తే మూడు చోట్లా మారుతుంది. ఇప్పుడు దాన్ని క్లౌడ్ అంటున్నారు. మేం అటక అనేవాళ్లం. "అటక మీద పెట్టీసినాను వదినా" అంటే ఆమెకి అర్థమయ్యేది.

మొదట్లోనే ఓ చిక్కు వచ్చింది. గడియారం ఆగస్టులో ఉంటే అటక తలుపు తీసేది కాదు. ఎర్రగుర్తు పెట్టి, సురక్షితంగా కలవలేకపోతున్నాను అని ఇంగ్లీషులో ఏదో వచ్చేది. తేదీ సరిచేస్తే తీసేది. సరే, దానికీ ఓ దారి కనిపెట్టాను. టైపు చేసేటప్పుడు ఆగస్టు, అటకకి పంపేటప్పుడు అసలు తేదీ, పంపాక మళ్లీ ఆగస్టు. కొట్టు ముందు తలుపుకి ఒక తాళం, వెనక తలుపుకి ఒక తాళం ఉన్నట్టు. మా ఆయన చూసి, "ఇంత కష్టం పడే బదులు ఆ డబ్బు కట్టీవచ్చు కదే" అన్నాడు. "నీలాంటి వాళ్ల మీదే బావా ఆ డీలరు మేడ కట్టాడు" అన్నాను.

నవంబరులో ఒక సాయంత్రం వదిన ఫోను చేసింది.

"ఏటే పిల్లా, మొన్నాదివారం ఇచ్చిన కాయితాలు టైపు సేసినావా?"

"సేసీసినాను వదినా. మూడో అధ్యాయంలో కలిపీసినాను."

"మరి నాకు కనపడవేటి? నేను దిద్దిందే ఉంది, నువ్వు కలిపింది నేదు."

"ఉంటాది. సరిగ్గా సూడు."

ఫోను పెట్టి ఇక్కడ తెరిచి చూశాను. మా ఇంట్లో కూడా లేదు. నేను కొట్టిన పేజీలు, భావనపాడు వైపు ఓ ముసలమ్మ చెప్పిన మాటలు, నా వేళ్లకి ఇంకా గుర్తున్న మాటలు, అక్కడ లేవు. వదిన దిద్దిన పాత అధ్యాయం మాత్రం శుభ్రంగా కూర్చుంది.

రెండో అధ్యాయం తెరిచాను. అందులో కలిపినవీ లేవు. నాలుగోదీ అంతే. అక్టోబరులో వదిన టెక్కలిలో దిద్దడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ అధ్యాయాల్లో నేను కలిపింది ఒక్క ముక్క మిగల్లేదు.

కాగితాలు చూసి మళ్లీ కొట్టుకోవచ్చు కదా అని మీరు అనొచ్చు. వదిన కూడా అదే అంది. "పోనీలే, కాయితాలున్నాయి కదా, మళ్ళీ కొట్టు" అని. నేను ఊఁ అన్నాను. కానీ కాగితాలు లేవు.

మా ఇళ్లలో కాగితం పారేయడం అనేది ఉండదు. పని అయిపోయిన కాగితం కొట్టుకి వెళుతుంది, పొట్లం అవుతుంది. వదిన రాసేది దళసరి కాగితం మీద, ఒక వైపే. మా నాన్న అలాంటి దాన్ని కళ్లకద్దుకుంటాడు. పేపరు మసి పప్పుకి అంటుతుంది, చేతిరాత కాగితం అంటదు, పొట్లం కూడా నిటారుగా నిలబడుతుంది అని. మాటలు మూడు చోట్ల ఉన్నాయి కదా, నాలుగో చోట కాగితం ఎందుకు అనుకున్నాను. సోమవారం సోమవారం కూరల సంచిలో పెట్టి నాన్నకి ఇచ్చేస్తూ వచ్చాను. ప్రతిసారీ ఆయన బదులుగా గుప్పెడు జీలకర్రో, బెల్లం ముక్కో పెట్టేవాడు. నాకు అది లాభంగా కనిపించింది. ఇప్పుడు ఏమైనా మిగిలాయా అని నాన్నని అడిగితే సంగతి వదిన దాకా వెళుతుందని కొట్టు వైపే పోలేదు.

ఆ తరువాత రోజులన్నీ దానితోనే గడిచాయి. ముసలమ్మ మాటల్లో గుర్తున్నంత ఓ పేజీ మళ్లీ కొట్టాను. కొట్టి, దాచి, అటకకి పంపించి, టీ పెట్టుకుని వచ్చి చూసేసరికి లేదు. నా కళ్లెదురుగా పెట్టిన అన్నం ఎవరో తీసేసినట్టు. మళ్లీ కొట్టాను. మళ్లీ పోయింది. అటక ప్రోగ్రాము తీసేసి మళ్లీ ఎక్కించాను. అది ఎంతో భక్తిగా పైనున్న పాత అధ్యాయాలన్నీ కిందకి దింపింది. ఇంటర్నెట్టు వాళ్ల సహాయం నంబరుకి ఫోను చేస్తే, చాలాసేపు పాట వినిపించి, ఓ అబ్బాయి మోడెం తీసి పెట్టమన్నాడు. తీసి పెట్టాను. అయిందా అన్నాడు. అయింది కానీ నా పేజీలు రాలేదు అన్నాను. మోడెంకీ పేజీలకీ సంబంధం లేదు మేడమ్ అన్నాడు. మరెందుకు తీయమన్నావని అడిగేలోపు పెట్టేశాడు.

రిపేరు షాపతన్ని పిలిపించాను. పెట్టె విప్పి, లోపల నుంచి ఓ పచ్చ పట్టీ తీసి, పెన్సిలు రబ్బరుతో దాని పళ్లు తోమాడు.

"వైరస్ అక్కా" అన్నాడు.

"వైరస్ రబ్బరుతో పోతాదా?"

"అది వేరే, ఇది వేరే. రెండూ సేసినట్టుంటాది కదాని."

అతని డబ్బుకి బేరం ఆడాలని కూడా నాకు గుర్తు రాలేదు. ఆ రోజు మా ఆయన నన్ను చూసి భయపడ్డాడు.

ఒక్క ముక్క మాత్రం నాకు చిక్కింది. అదే పేజీని వేరే కొత్త పేరుతో దాస్తే బతుకుతోంది. పాత పేరు మీద దాస్తే చస్తోంది. ఎందుకో తెలీదు. తెలిసినా ఏం లాభం, బతికించడానికి లోపల మాటలు ఉండాలి కదా.

ఈలోగా వదినకీ నాకూ చెడింది. ఆమె గొంతులో తేడా నాకు తెలుస్తూనే ఉంది. కొట్టుకి వచ్చే మనిషి తూకం అనుమానిస్తే మాట ఎలా మారుతుందో చిన్నప్పటి నుంచి విన్నదాన్ని.

"ఒక్క మాట సెప్పు. అసలు టైపు సేసినావా, నేదా?"

"దేవుడి తోడు వదినా."

"దేవుడు టైపు సేయడు. డబ్బులు తీసుకోనన్నావు కదా, అందుకని మెల్లగా సేత్తన్నావేటో అని."

"మీ కాలేజీ కంప్యూటరే తినేస్తోందేమో, అది సూసుకో ముందు."

అనేశాను. డిసెంబరు వచ్చేసింది. పోటీవాడి థీసిస్ బైండింగు నుంచి వచ్చిందని అంతకు ముందు రోజే చెప్పింది నాకు.

కొత్త పేరుతో దాచిన ఆ ఒక్క పేజీ టెక్కలికి చేరిందో లేదో చూడమన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. ఫోను చెవికి పెట్టుకునే చూస్తోంది. కీబోర్డు టకటకలు వినపడుతున్నాయి. తరువాత ఆమె గొంతు మారింది. కోపం పోయి, ఏదో తెలియని ఊళ్లో బస్సు దిగిన మనిషి గొంతు వచ్చింది.

"పిల్లా, మీ ఇంట్లో ఇప్పుడు ఏ నెల?"

నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

"నీ ఫైలు కింద ఆగస్టు అని ఉంది. మొన్నే కొట్టినానంటున్నావు. నేను దిద్దినవాటి కింద నవంబరు ఉంది. ఇదేటి?"

చిల్లర లెక్కలో తప్పు దొరికినట్టు ఒక్కసారిగా మొత్తం కనపడింది. అటకకి చదువు రాదు. ఏది మంచిదో, ఏది కొత్తదో దానికి తెలీదు. తేదీ చూస్తుంది. వదిన దిద్దిన దాని మీద నవంబరు ఉంది, నేను నిన్న కలిపిన దాని మీద ఆగస్టు ఉంది. ఆగస్టుది పాత సరుకు కదా అని, నాది తీసేసి ఆమెది పెట్టింది. నమ్మకంగా, ప్రతిసారీ. కొత్త పేరుకి అక్కడ పోటీ లేదు కాబట్టి బతికింది. అమావాస్య సరుకుకి మర్నాటి తేదీ వేస్తే నాన్న కొట్లో గుమస్తా నవ్వుకుని ఊరుకునేవాడు. ఈ గుమస్తా నిజం అనుకున్నాడు.

"రేపొద్దున్న బస్సుకి రా వదినా" అన్నాను. "నాన్న కొట్టుకి రా."

"కొట్టుకెందుకు?"

"కాయితాలు అక్కడున్నాయి."

మిగతాది ఫోనులో చెప్పలేకపోయాను.

మర్నాడు ఆమె వచ్చేసరికి నేను కొట్లో కింద కూర్చుని కాగితాల కట్ట వెతుకుతున్నాను. నాన్న గల్లా దగ్గర ఉన్నాడు. ఆయనకి సంగతి చెప్పాను కానీ, సగమే ఎక్కింది. వదిన గుమ్మంలో నిలబడి పైకి చూసింది. అక్కడ పురికొస వేలాడదీసిన చోట, ముందు రోజు సాయంత్రం కట్టి పెట్టిన ఆవాల పొట్లాలు వరసగా ఉన్నాయి. వాటి మీద ఆమె చేతిరాత. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్లలకి బోర్డు మీద రాసినట్టు.

తరువాత నాన్న వైపు తిరిగింది.

"మావయ్యా, ఆ ఆవాలన్నీ నాకు ఇచ్చీండి."

"అన్ని ఆవాలు ఏటి సేసుకుంటావమ్మా?"

"పోపు పెట్టుకుంటాను, ఇచ్చీండి."

మేమిద్దరం కింద కూర్చుని పొట్లాలు విప్పాం. ఆవాలు డబ్బాలో పోయడం, కాగితం మోకాలు మీద సాపు చేయడం. ఈలోగా ఒకామె మందస బస్సు దిగి పావుకేజీ చింతపండు అడిగింది. నాన్న చెయ్యి, యాభై ఏళ్ల అలవాటు, మేం సాపు చేసి పెట్టిన కాగితం మీదకే వెళ్లింది. వదిన ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు. నాన్న అప్పుడు ఆమె మొహం చూశాడు. కాగితం వదిలేసి, చింతపండు ఊరికే ఆకులో పెట్టి ఇచ్చాడు. ఆ తరువాత ఆ రోజంతా ఎవరినీ బేరం ఆడనివ్వకుండా అడిగినంత ఇచ్చి పంపాడు.

దొరికినవి మూడో వంతు ఉంటాయేమో. బెల్లం కట్టినవి అతుక్కుపోయి చిరిగాయి. ముసలమ్మ పేజీల్లో ఒక్కటీ దొరకలేదు. ఆ వారం పెళ్లి సరుకులు వెళ్లాయట.

"రికార్డు సేసినవి ఉన్నాయేమో కదా వదినా" అన్నాను, ఆశ చావక.

"ఆవిడ ఆ డబ్బా పెడితే మాట్లాడనంది. రాసుకున్నాను." ఇంకో పొట్లం విప్పుతూ, "రాసుకున్నాను కదాని ధైర్యంగా ఉన్నాను" అంది.

ఉద్దానం వెళ్లాం, ఇద్దరం. బస్సు దిగి కొబ్బరితోటల మధ్య నుంచి ఒడ్డు వరకూ నడిచి, వదిన ముందు మాట్లాడిన ఆడవాళ్లందరినీ మళ్లీ కలిశాం. వాళ్లు నవ్వారు. కొందరు మళ్లీ చెప్పారు. కానీ మొదటిసారి చెప్పిన మాట కాదు అది, అడిగింది కదాని చెప్పిన మాట. వదిన రాసుకుంటూనే ఉంది, కానీ ఆమె కలం నెమ్మదించడం నేను చూశాను.

ముసలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. ఆమె అంతకు ముందు వదినకి చెప్పింది మామూలు బేరం సంగతి కాదు. మొగుడు సముద్రంలో పోయిన ఏడాది, గంప నెత్తిన పెట్టుకుని రైతుల ఊళ్లకి వెళ్లి చేపకి వడ్లు మార్చుకునేటప్పుడు, ఎవరింట్లో ఏ మాట అనిపించుకుందో, తిరిగి ఏమందో, ఏ ఇంట్లో అనలేక ఊరుకుందో. థీసిస్‌కి అదే ప్రాణం అని వదిన గైడు కూడా అన్నాడట.

వదిన ఉన్నదున్నట్టు చెప్పింది. కాగితాలు పోయాయి, మళ్లీ చెప్పమని.

ముసలమ్మ చేప తిరగేస్తూనే, "అమ్మీసిన సేపని మళ్ళీ అమ్మమంటే ఎలగమ్మా?" అంది.

"కొంచెం సెప్పినా సాలు" అంది వదిన.

"ఒక పాలి సెప్పినాను. ఆ రోజు రేత్తిరి కూడు తిన్నేదు నేను. నీ కాడ ఉంటాది కదా అని సెప్పినాను. ఇంక నా కాడ నేదు."

అప్పుడు నేను దిగాను. అది నా రంగం కదా. ఇది ఆమె ఉద్యోగం అన్నాను. నీ మాట పుస్తకంలోకి ఎక్కుతుంది అన్నాను. ఓ చీర పెడతాం అన్నాను. అదీ కాకపోతే ఆ గంపలో ఉన్న చేపంతా నువ్వు అడిగిన ధరకి కొంటాను అన్నాను. ఒక్కో మెట్టే ఎక్కుతూ పోయాను. అవతలి మనిషి ధర చెప్పడం లేదని నాకు అర్థమవడానికి చాలాసేపు పట్టింది. నా జీవితంలో అంతవరకూ ధర చెప్పని మనిషి ఎదురు పడలేదు.

ఆమె కోప్పడలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చింది. వెళ్లేటప్పుడు వదిన భుజం తట్టి, "ఏటనుకోకమ్మా" అంది. నన్ను తట్టలేదు.

బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఏదో అనబోయాను.

"ఇప్పుడు నన్ను ఓదార్చకే" అంది. "ఓదారిస్తే నేను నిన్ను తిడతాను. తిట్టాలని ఉంది, కానీ బస్సులో అందరూ టెక్కలోళ్లే."

గడియారం సరి చేశాను. పసుపు పెట్టె వచ్చింది, సాఫ్ట్‌వేరు ఆగిపోయింది. పక్క టైపింగు షాపులో అద్దెకి కూర్చుని టైపు చేశాను. ఎంత కొట్టినా డిసెంబరు ఆఖరు వచ్చింది, వెళ్లింది. పోస్టు అవతలి అతనికి వెళ్లింది. వదిన థీసిస్ ఫిబ్రవరిలో వెళ్లింది, ఒక అధ్యాయం తక్కువతో. డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం కాంట్రాక్టుగానే ఉండిపోయింది, ఆ పైన చాలా ఏళ్లు. మాట్లాడుతుంది, పండగలకి వస్తుంది, నా చేతి వంట మెచ్చుకుంటుంది. కానీ అప్పట్నుంచి ఏది రాసినా కింద కార్బను పెట్టి రాస్తుంది. నా ఎదురుగా కూడా.

లెక్క చెప్పడం మా ఇంటి అలవాటు కనుక, చెబుతాను. డీలరు అడిగింది మూడు వేల అయిదు వందలు, నేను ఇస్తానన్నది రెండు వేలు. అంటే నేను ఇంతా చేసింది పదిహేను వందల కోసం. రబ్బరుతో తోమినవాడికీ, పక్క షాపు అద్దెకీ, బస్సులకీ అంతకు రెట్టింపు అయింది. నాన్న కొట్లో కాగితాలకి బదులు వచ్చిన జీలకర్ర, బెల్లం జమ. వదిన జీతంలో పడాల్సిన తేడా నేను కట్టగలిగేది కాదు, ఓసారి కడతానని అని చూశాను, వినిపించుకోనట్టు లేచి వెళ్లి మొక్కలకి నీళ్లు పోసింది. ముసలమ్మ పేజీలకి ఆమె ధర చెప్పలేదు, నేను వేయలేను. జనవరిలో మూడు వేల అయిదు వందలకీ డ్రాఫ్టు తీసి విశాఖపట్నం పంపించాను. డీలరు తనంతట తనే ఫోను చేసి, పోనీ మీకని రెండు వందలు తగ్గిస్తానమ్మా అన్నాడు. వద్దన్నాను.